అక్షరాల కరణం

కంప్యూటర్లున్న ప్రతి కార్యాలయంలోనూ నియామకపత్రంలో ఎక్కడా కనిపించని పదవి ఒకటి ఉంటుంది; దాన్ని నిర్వహించే సీనియర్ అసిస్టెంటును, మరో మంచి పేరు దొరికేదాకా, అక్షరాల కరణం అనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ 1984లోనే రద్దయింది గానీ, ఏ నంబరు ఎవరి అనుభవంలో ఉందో తనకొక్కడికే తెలిసి ఉండాలన్న కాంక్ష మాత్రం చట్టానికి లొంగక, ఈయనలో క్షేమంగా ఉంది.

ఈయన ఏలుబడి విస్తీర్ణం 26 అక్షరాలు. విండోస్ తనకు తగిలించిన ప్రతి నిల్వ భాగానికీ ఒక ఆంగ్ల అక్షరాన్ని గుర్తుగా ఇస్తుంది. దీన్నే డ్రైవ్ లెటర్ అంటారు. ఏ, బీలు ఫ్లాపీల పాలు కాగా, 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో వచ్చిన 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కు సీ దగ్గర స్థిరపడింది. ఫ్లాపీలు కాలం చేసినా మొదటి రెండక్షరాలను వాటికే అట్టేపెట్టే ఆనవాయితీని ఈయన ఎంతో గౌరవంగా ప్రస్తావిస్తారు.

తగాదా మొదలయ్యేది సర్వర్‌లోని ఉమ్మడి ఫోల్డరుకు ఎఫ్ వంటి అక్షరం తగిలించి వాడుకునే నెట్‌వర్క్ డ్రైవ్ వద్ద. అది లాగిన్ అయిన వ్యక్తి ఖాతాకు చెందినది. పెన్‌డ్రైవ్‌కు అక్షరమిచ్చేది యంత్రం మొత్తాన్నీ చూసుకునే వేరే భాగం. విండోస్ ఎక్స్‌పీ నాటి యంత్రాల్లో ఈ రెండోది మొదటిదాన్ని విచారించకుండానే, ఖాళీగా ఉందనుకొని ఆ ఎఫ్‌నే పెన్‌డ్రైవ్‌కూ రాసిచ్చేది. దీపం వెలుగుతుంది, చప్పుడు వినిపిస్తుంది, పెన్‌డ్రైవ్ మాత్రం కనిపించదు. అప్పుడు కరణంగారికి కబురు వెళుతుంది.

"తీసి మళ్ళీ పెట్టారా?"

"రెండుసార్లు పెట్టామండీ."

"ఇంకోసారి పెట్టండి."

ఈ విచారణ ముగిశాక ఆయన కుర్చీలో కూర్చుని, తెరను తనవైపు తిప్పుకొని, మోచేయి అడ్డుపెట్టి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టి, డిస్కుల పట్టీ మొత్తం చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్‌ను తెరుస్తారు. పెన్‌డ్రైవ్ మీద మౌస్ కుడి మీట నొక్కి అక్షరం మార్చడం అరనిమిషం పని. అయితే అక్షరం మారిస్తే కొన్ని ప్రోగ్రాములు సరిగా నడవకపోవచ్చని విండోస్ చేసే హెచ్చరికను ఆయన పైకి చదివి, నిట్టూర్చి, సంతకానికి ముందు కలం దులిపినంతసేపు ఆగుతారు. సూపరింటెండెంటుగారి పెన్‌డ్రైవ్‌కు ఎస్ దక్కుతుంది, జూనియర్లకు క్యూ.

కొత్త అక్షరం ఆ యంత్రపు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలన్నీ రాసుకునే దస్త్రంలో, మాత్రమే నమోదవుతుంది కనుక, అదే పెన్‌డ్రైవ్ పక్క బల్ల దగ్గరికి వెళితే వ్యాజ్యం మళ్ళీ మొదటికొస్తుంది. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఖాళీ అక్షరాలను విండోస్ సాధారణంగా ముందువైపు నుంచి పంచుతుంది కాబట్టి, నెట్‌వర్క్ డ్రైవ్‌లను చివరి అక్షరాలకు జరిపితే గొడవే ఉండదనీ తెలుసు. ఆయన సొంత యంత్రంలో నెట్‌వర్క్ డ్రైవ్ ఏనాటినుంచో జడ్ దగ్గరే ఉంది. కొత్తగా చేరిన కుర్రవాడు దాన్ని గమనించి, "అందరికీ ఇలాగే పెట్టేయొచ్చు కదండీ" అంటే, "పైనుంచి ఆర్డరు రావాలి బాబూ" అని సెలవిస్తారు. ఆ ఆర్డరు కోసం ఫైలు కదపవలసిన సీటు తనదేనన్న వివరం కుర్రవాడు అడగలేదు గనుక, ఆయన చెప్పరు.