జలవిమానానికి జేజేలు

తల్లీ జలవిమానమా, నిన్ను ఆడిపోసుకునే పాపం మాకొద్దు. 2024 నవంబరు 9న బెజవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ మీంచి లేచి, నల్లమల దాటి, శ్రీశైలం పాతాళగంగలో వాలావు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర పౌరవిమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు నీ కడుపులో కూర్చుని వచ్చి, దిగి, రోప్‌వే ఎక్కి మల్లన్న దర్శనానికి వెళ్లారు. ప్రయోగం దిగ్విజయం. కాక మరేమవుతుంది? ఓడిపోయేది రోజూ తిరిగే ఎర్రబస్సు. దానికే టైరు పేలుతుంది, దానికే బ్రేకు పట్టదు. నువ్వు కనిపించి మాయమయ్యేదానివి కనుక నీకు మచ్చ అంటదు. ఏడాది తిరిగినా టికెట్ కౌంటర్ తెరవలేదంటే, నీ కీర్తిని కాపాడటానికే అనుకున్నాం.

నీ వినయం మరీ ముచ్చటగా ఉంది. ట్విన్ ఆటర్ అనే పేరుతో నువ్వు తొలిసారి గాల్లోకి లేచింది 1965లో. దాదాపు అరవై ఏళ్ల అనుభవం ఉండి కూడా మా దగ్గరికొచ్చేసరికి ఇంకా పరీక్ష రాసే పిల్లలా ఒదిగిపోయావు.

ఆ నీటి రన్‌వే నీకు ఎవరు పరిచారనుకున్నావు? మేమే. ముంపు ఊళ్ల వాళ్లం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లం. 1963లో శ్రీశైలం ఆనకట్టకు నెహ్రూ పునాదిరాయి వేశాడు. 1981లో అలంపూర్, కొల్లాపూర్, వనపర్తి తాలూకాల్లో ఇళ్లు కూలగొట్టి మరీ ఊళ్లు ఖాళీ చేయించారు. ఇప్పుడు నీళ్లు 885 అడుగులకు నిండితే మా పొలాలూ, మా రచ్చబండలూ అడుగున ఉంటాయి. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన కుర్రాళ్లకు మనవలు పుట్టారు. ఇదంతా కరెంటు కోసం, సాగునీటి కోసం అని చెప్పారు గానీ, నీ రాక కోసమని అప్పుడే చెప్పి ఉంటే ఇంకాస్త సంతోషంగా కదిలేవాళ్లం.

వచ్చిన వేళ కూడా చూసుకుని వచ్చావు. కార్తీకమాసం, నిండు జలాశయం. మే నెలలో ఎవరూ నీకు పరీక్ష పెట్టలేదు, ఎంత దయగలవాళ్లో! అప్పటికి నీళ్లు దిగిపోయి సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది. సోమశిల వైపు నీళ్లూ కాని, నేలా కాని బురద మేట వేస్తుంది. అద్దంలా కదలని నీళ్ల మీద ఎత్తు అంచనా తప్పుతుందట. ఫ్లోట్ల కింది చక్రాలు మడవడం మరిచి నీళ్లలో దిగితే బోర్లా పడతావట. బురదలో దిగాలంటే చక్రాలు చాపాలో ముడవాలో ఏ పుస్తకంలో రాసి ఉందో మరి.

నీ వంశం కూడా తక్కువదేం కాదు. 2010 డిసెంబరులో అండమాన్ కోసమంటూ జలహంస అన్నారు. 2013 జూన్‌లో కేరళ అష్టముడి సరస్సు దగ్గర రిబ్బను కత్తిరించారు; జాలర్లు అడ్డం తిరిగితే రిబ్బనే మిగిలింది. 2020 అక్టోబరు 31న సబర్మతికీ పటేల్ విగ్రహానికీ మధ్య ఎగిరావు. నెల తిరగకముందే మరమ్మతుకని మాల్దీవులకు వెళ్లావు. తిరిగొచ్చి, 2021 ఏప్రిల్‌కల్లా సెలవు తీసుకున్నావు. పుట్టింటి మీద అంత మమకారం ఎవరికుంటుంది!

ఇటలీలో విమానాలు కట్టే కాప్రోని ఒక కిటుకు తెలియక చెడ్డాడు. తొమ్మిది రెక్కలు, ఎనిమిది ఇంజన్లతో, వందమంది పట్టే ఎగిరే పడవ కట్టి 1921 మార్చిలో మజోరె సరస్సు మీద ఎగరేశాడు. ప్రయాణికుల బదులు బరువులు పెట్టాడు. లేచింది, కూలింది. బరువుల బదులు మంత్రుల్ని ఎక్కించి ఉంటే అది పరీక్ష అయ్యేదే కాదు, ప్రారంభోత్సవం అయ్యేది.

మా దగ్గరా ఒక ఉభయచరం ఉంది. పేరు పుట్టి. వెదురు బద్దలతో అల్లి తారు పూస్తారు. నీళ్లలో అది మనిషిని మోస్తుంది, గట్టెక్కాక మనిషి దాన్ని మోస్తాడు. దానికి మంత్రులెవరూ పరీక్ష పెట్టలేదు. జూరాల దిగువన గుర్రంగడ్డ దీవి వాళ్లు వంతెన పనులు ముగియక ఏళ్లకేళ్లు దాన్నే నమ్ముకున్నారు. కొల్లాపూర్ దగ్గర కృష్ణలో 2007 జనవరిలో పడవ మునిగి అరవైమంది దాకా పోయారు. 2022లో కేంద్రం సోమశిల దగ్గర వెయ్యి కోట్ల పైచిలుకు తీగల వంతెనకు సరే అంది. ఆ తర్వాత ఏళ్లపాటు అది కూడా నీలాగే దిగ్విజయంగా కాగితం మీదే ఉండిపోయింది.

ఈసారి వచ్చేటప్పుడు మే నెలలో రా తల్లీ, మా ఒడ్డున దిగు. బురదలో కూరుకుపోతే బెంగపడకు. పుట్టి వాణ్ణి పంపిస్తాం. మనిషికింతని తీసుకుంటాడు, మంత్రులకైనా అదే రేటు.