పటాలంలో జబ్బులు పుట్టవు

సైన్యంలో చేరబోయే కుర్రాణ్ణి పరీక్షించినంత నిశితంగా పెళ్లికొడుకును కూడా ఎవరూ పరీక్షించరు. నియామక ర్యాలీ గుంటూరులో అయినా విశాఖలో అయినా ఒకటే తంతు. మోకాళ్లు రాసుకుంటున్నాయా, అరికాలు చదునుగా ఉందా, పళ్లెన్ని, రంగులు ఆనుతున్నాయా! చెవిలో గులిమి కూడా తీయించుకునే రావాలి. ఇన్నీ దాటాకే దిట్టమైన మనిషని ముద్ర.

ఆ మనిషే కొన్నేళ్లకు ఫిట్స్‌తోనో, మతి చెదిరో ఇంటిదారి పడతాడు. అప్పుడు వైకల్య పింఛను సంగతి తేల్చడానికి వైద్య బోర్డు కూర్చుంటుంది. జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని రాసేస్తుంది. మరెక్కడిది? పుట్టుకతోనే ఉండి ఉంటుందట. అంటే గులిమిని పట్టిన డాక్టర్ల కళ్లుగప్పి మూర్ఛ లోపలికి దూరిందన్నమాట!

సియాచిన్ సంగతి చూడండి. 1984 నుంచి మన సైన్యం కాపలా కాస్తున్న ఆ హిమానీనదం మీద కొన్ని పోస్టులు 20 వేల అడుగుల ఎత్తున ఉంటాయి. ఊపిరి చాలదు, చలికి వేళ్లు కుళ్లిపోతాయి, మెదడుకు నీరు పడుతుంది. అక్కడ పనిచేసిన ఒక జవానుకు ఫిట్స్ వస్తే 1989లో ఇంటికి పంపేశారు. జబ్బుకూ కొలువుకూ సంబంధం లేదన్నారు. వైకల్య పింఛను ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది.

మనోవ్యాధి అయితే బోర్డుకు మరీ సుళువు. తూటా ఎక్స్‌రేలో కనిపిస్తుంది, నడిరాత్రి ఉలికిపాటు కనిపించదు. స్కిజోఫ్రెనియా అని పంపేసిన ఒకరి విషయంలో కారణాలు రాసే శ్రమ కూడా పడలేదు. కారణం చెప్పని అభిప్రాయం చెల్లదని 2025 మేలో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే, 1982 నాటి పింఛను నిబంధనలు జవాను పక్షానే నిలిచాయి. చేరేటప్పుడు కాగితం మీద లేని జబ్బు తర్వాత బయటపడితే సర్వీసులో వచ్చిందనే అనుకోవాలన్నాయి. రుజువు బరువు అతని మీద పెట్టలేదు, సందేహముంటే లాభం అతనికే ఇచ్చాయి. 2013లో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. అయినా సొంత జవాన్ల మీద ప్రభుత్వ అప్పీళ్లు ఆగలేదు. వైకల్య శాతాన్ని పై అంకెకు సవరించి పింఛను ఇవ్వడం మీద వేసిన 800కు పైగా అప్పీళ్లను 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకే తీర్పుతో కొట్టేసింది.

2023 సెప్టెంబరులో ఈ పింఛనుకు కొత్త నిబంధనలొచ్చాయి. దుర్వినియోగాన్ని అరికట్టడానికట. సరే, దొంగ రోగులూ కొందరు ఉంటారు. వాళ్లను బోర్డులోనే పట్టుకోవచ్చు, కారణం రాసి మరీ. కాగితం కరువా? అన్ని వందల అప్పీళ్లకు దొరికింది కదా!