గాలి ఫిల్టర్ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం

కడిగి యారబెట్టి కాస్తంత నూనె రా
సి మరల బిగియింప జీవితాంత
ముండు, గాలి హెచ్చు, నిండుగా బలమొచ్చు,
చమురు ఖర్చు తగ్గు చక్రవర్తి!

అవతారిక

డీజిల్ పికప్ ట్రక్కులు విరివిగా తిరిగే అమెరికాలో, బండితో వచ్చిన కాగితపు గాలి ఫిల్టరును తీసివేసి, బయటి తయారీదారులు అమ్మే, కడిగి మళ్లీ వాడుకోదగిన నూలు ఫిల్టరును బిగించుకోవడం ఒక ఆచారంగా స్థిరపడింది. ఆ ఫిల్టర్ల పెట్టెల మీద సాధారణంగా కనిపించే వాగ్దానాలను ఛందస్సులోకి ఎక్కిస్తే పై ఆటవెలది అవుతుంది. మూడవ పాదంలో ప్రాసయతి చెల్లింది. ‘బలమొచ్చు’ గ్రామ్యమని లాక్షణికులు ఆక్షేపించవచ్చును గాని, పద్యంలో అంతకంటే బరువైన ఆక్షేపణలకు చోటున్నందున దాన్ని విడిచిపెట్టడమైనది.

ప్రతిపదార్థం

చక్రవర్తి = చక్రములచేత వర్తించువాడా, అనగా ఓ ట్రక్కు యజమానీ; కడిగి = ఫిల్టరును దానికి తగిన సబ్బు ద్రవంతో తడిపి, శుభ్రమైన లోపలి వైపు నుంచి మురికి వైపుకు నీళ్లు పోసి; ఆరబెట్టి = కంప్రెసర్ గాలి కొట్టక, వేడి తగిలించక, తనంత తాను ఆరేదాకా బండిని నిలిపి; కాస్తంత = ఎంతో తేల్చి చెప్పనలవి కానంత; నూనె = ధూళిని అంటించుకొనే జిగురు నూనెను; రాసి = మడతల వెంట పూసి; మరల బిగియింప = తిరిగి డబ్బాలో అమర్చగా; జీవితాంతము = జీవితము ముగియువరకు (ఎవరి జీవితమన్నది చివర విచారించబడును); ఉండు = మన్నును; గాలి హెచ్చు = ఇంజనులోకి గాలి ఎక్కువగా పోవును; నిండుగా = కొరత లేకుండా; బలము = లాగుడు శక్తి; ఒచ్చు = వచ్చును; చమురు ఖర్చు = డీజిల్ వ్యయము; తగ్గు = తగ్గును.

తాత్పర్యం

ఓ ట్రక్కు యజమానీ, ఒక్కసారి డబ్బు పెట్టి ఈ ఫిల్టరు కొంటే ఇక కొననక్కరలేదు, పైగా బండి బలంగా లాగుతుంది, డీజిల్ మిగులుతుంది అని భావం.

విశేషాలు

‘గాలి హెచ్చు’ అన్న మాట మీదనే పద్యమంతా నిలబడి ఉన్నది గనుక ముందు దాన్ని పరిశీలించాలి. ఆరు లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి తన నిండా గాలి పీలుస్తుంది గనుక, నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు 6,000 లీటర్ల గాలి కావాలి. టర్బో, అనగా పొగ వేగంతో తిరిగి గాలిని ఒత్తి లోపలికి నెట్టే చక్రం, సాంద్రతను రెట్టింపు చేస్తే అది 12,000 లీటర్లవుతుంది. ఇంత ఆకలి గల యంత్రానికి కాగితం అడ్డమేననిపించడం సహజమే. అయితే ఆ అడ్డు ఎంతో కొలిచి చూసినవారు చాలామంది లేరు. ఫిల్టరు కలిగించే అడ్డును నీటిమట్టంలో, అంటే ఆ పీల్పుకు గొట్టంలో నీరు ఎన్ని అంగుళాలు పైకి లేస్తుందో ఆ లెక్కలో చెబుతారు. అనేక పెద్ద డీజిల్ ఇంజన్లకు ఫిల్టరు మార్చవలసిన హద్దు 25 అంగుళాల దగ్గర ఉంటుంది; వాతావరణ పీడనం ఇదే లెక్కలో సుమారు 407 అంగుళాలు. పూర్తిగా మురికిపట్టి పారవేయదగిన కాగితం కూడా ఆరు శాతం దగ్గరే అడ్డుతుందన్నమాట. కొత్త కాగితానికీ కొత్త నూలుకూ మధ్య తేడా ఇందులో ఎంత చిన్న ముక్కో ఊహించవచ్చును.

అంతేగాక డీజిల్ ఇంజనులో గాలిని ఆపే థ్రాటిల్ పెట్రోలు బండిలో వలె బలాన్ని నియంత్రించదు. ఎంత డీజిల్ చిమ్మితే అంత బలం. గాలి చాలా సందర్భాలలో అవసరానికి మించే ఉంటుంది, కొద్దిగా తక్కువైతే టర్బో మరికొంత కష్టపడి భర్తీ చేస్తుంది. చిమ్మే డీజిల్ లెక్కను మార్చకుండా ఫిల్టరు మాత్రమే మార్చినప్పుడు ‘నిండుగా’ అన్న పదానికి సార్థకత కనిపించదు. పీల్చే చప్పుడు మాత్రం పెరగవచ్చును. చెవి విన్నదాన్ని కాలు బలమని నమ్మడం లోకంలో ఉన్నదే.

‘చమురు ఖర్చు తగ్గు’ అన్నదానికి 2009లో అమెరికా ప్రభుత్వపు ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల చేసిన పరీక్షను ప్రమాణంగా తీసుకోవచ్చు. కంప్యూటరు నియంత్రణ గల కార్లలో ఫిల్టరును కావాలని బాగా మూసి నడిపినా మైలేజీలో చెప్పుకోదగిన మార్పు రాలేదని అందులో తేలింది. అది పెట్రోలు కార్ల సంగతి కదా అని శంక. నిజమే, డీజిల్ ఇంజనుకు గాలి మరీ కరువైతే నల్లపొగ వచ్చి చమురు వృథా అవుతుంది. కాని దానికి మందు శుభ్రమైన ఫిల్టరు. అది నూలుదే కానక్కరలేదని సమాధానం.

ఇక ఫిల్టరు అసలు ధర్మం గాలిని పంపడం కాదు, ధూళిని ఆపడం. జల్లెడ వలె కన్నాల కంటే పెద్ద రేణువులనే ఇది ఆపుతుందనుకోవడం పొరపాటు. బరువైన రేణువు గాలితో పాటు మలుపు తిరగలేక పోగుకు కొట్టుకొంటుంది, మధ్యరకం పక్కనుంచి పోతూ అంటుకొంటుంది, అతి సూక్ష్మమైనది గాలి అణువుల తోపుడుకు అటూ ఇటూ ఊగి ఎక్కడో తగులుతుంది. దట్టమైన కాగితం మీద పట్టిన ధూళిపొర తానే మరొక ఫిల్టరై పనిచేస్తుంది గనుక, కొంత వాడిన కాగితం కొత్తదాని కంటే బాగా వడకడుతుంది. నూలు ఫిల్టరు పోగుల మధ్య ఖాళీ ఎక్కువ; దాని భారమంతా నూనె మీదనే ఉంటుంది.

ఈ సామర్థ్యాన్ని ఐఎస్‌ఓ 5011 అనే ప్రమాణం ప్రకారం, తూచిన ధూళిని వదిలి, దాటినదాన్ని తూచి నిర్ణయిస్తారు. ఒక ఫిల్టరు నూటికి 99.9, మరొకటి 97 పాళ్లు ఆపుతుందనుకొంటే రెండూ ఉత్తీర్ణమైనట్టే తోస్తుంది. దాటిపోయినదాన్ని లెక్కపెడితే ఒకదానిలో 0.1, రెండవదానిలో 3. అనగా ముప్పై రెట్లు. రోడ్డు ధూళిలో ఉండే క్వార్ట్జ్ మామూలు ఉక్కు కంటే గట్టిది. మైక్రాన్ల మందపు నూనెపొర మీద జారే రింగుల మధ్య అది చేరితే సిలిండరు గోడను అరగదీస్తుంది. ఇంజనాయిలును పరీక్షకు పంపినప్పుడు సిలికాన్ పెరిగిందని వచ్చే నివేదికకు ఒక ముఖ్య కారణం ఇదే.

‘కాస్తంత’ అనే పదం ప్రమాదకరమైనది. నూనె తక్కువైతే ధూళి దాటుతుంది. ఎక్కువైతే, పోయే గాలిని కొలిచే సన్నని వేడి తీగ గల సెన్సరున్న బండ్లలో నూనె తుంపర ఆ తీగకు అంటుకొని కొలతను చెడగొడుతుంది. నూనెతో ధూళిని పట్టడం తెలుగు రైతుకు కొత్త కాదు. పాత ట్రాక్టర్ల ఆయిల్ బాత్ ఫిల్టరు, అడుగున నూనె గిన్నె పెట్టి గాలిని దాని మీదుగా తిప్పేది, ఆ కుదురుదే. అయితే ఆ గిన్నెలో ఎంత పోయాలో గీత ఉంటుంది. మన లారీలకు కాగితపు ఫిల్టరే అయినా, దారిలో దాన్ని తీసి పంక్చరు షాపులో గాలి కొట్టించే అలవాటుంది. ఆ దెబ్బకు కాగితం చిరిగితే వడపోతే ఉండదు. పెద్ద ఫిల్టరు లోపల రక్షణగా ఉండే చిన్న ఫిల్టరైతే మార్చవలసినదే గాని గాలి కొట్టవలసినది కాదు. ఫిల్టరు అడ్డును చూపే సూచిక ఎర్రబడేదాకా డబ్బా మూత తీయకపోవడంలో ఉన్న పొదుపు ఈ పద్యంలో ఎక్కడా లేదు.

పద్యాన్ని సమర్థించే స్థలం ఒకటున్నది. ఈ ఫిల్టర్లకు పేరు తెచ్చిన కె అండ్ ఎన్ సంస్థ 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మోటారుసైకిళ్ల లోకంలో పుట్టింది. తరచుగా విప్పి రింగులు మార్చే పందెపు ఇంజనుకు గాలి ముఖ్యం, ఆయుర్దాయం అప్రధానం. లక్షల కిలోమీటర్లు తిరిగి అప్పు తీర్చవలసిన ట్రక్కుకు ఈ సమర్థన అన్వయించదు.

పాఠాంతరం

‘జీవితాంతముండు’ అన్నచోట ఎవరి జీవితమో చెప్పలేదు. ఫిల్టరు జీవితమని పూర్వపక్షం. అట్లయితే ఫిల్టరు ఉన్నంతకాలం ఫిల్టరు ఉంటుందని పునరుక్తి దోషం వస్తుంది. ఇంజను జీవితమని సిద్ధాంతం చేస్తే, లోపలికి పోయిన ధూళి ఆ జీవితాన్నే కుదిస్తుంది గనుక వాగ్దానం తప్పక నెరవేరుతుంది. ‘జీవితార్ధముండు’ అని పాఠాంతరాన్ని ఊహించవచ్చు. గణభంగం లేదు, యతిభంగం లేదు; కంకర క్వారీల దారిలో తిరిగే బండ్లకు ఈ పాఠమే గ్రాహ్యం.