మూడో కొటేషన్

ఇల్లు కట్టిస్తున్న మనిషిని గుర్తుపట్టడం తేలిక. పెళ్లికి పోతే పెళ్లికొడుకుని చూడడు, ఫంక్షన్ హాలు సీలింగు చూస్తాడు. చావు పలకరింపుకి పోయినా లేచొచ్చేటప్పుడు గోడ మీద వేలితో టకటక కొట్టి, "లప్పం ఎవరు పెట్టారండీ?" అని అడుగుతాడు. ఇలాంటివాళ్లు వీధికొకరుంటారు. మా వంశానికి మా బాబాయి దొరికాడు.

బాబాయి ఉద్యోగమంతా స్టోర్సు సెక్షన్లో చేసి రిటైరయ్యాడు. గుండుసూదులు కొనాలన్నా మూడు కొటేషన్లు, వాటిని పక్కపక్కన పెట్టి ఒక పట్టిక, అందులో అందరికన్నా తక్కువ రాసినవాడు ఎల్-1, వాడికి ఆర్డరు. ఉద్యోగం వదిలినా ఆ పద్ధతి ఆయన్ని వదల్లేదు. "సంబంధాలు కూడా మూడు చూశాకే నన్ను ఖాయం చేశాడు. మిగతా ఇద్దరూ బతికిపోయారు" అంటుంది పిన్ని.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున మా ఊరు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కాబట్టి మాబోటి గిరిజనేతరులు కొత్తగా స్థలం కొనే మాటే లేదు. తాతలనాటి పెంకుటిల్లు పడగొట్టి ఆ జాగాలోనే స్లాబిల్లు లేపాలని బాబాయి సంకల్పం. ఒక వేపచెట్టు, దాని కింద ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్లో పొడుగాటి లెక్కల పుస్తకం. ఆఫీసు మళ్లీ మొదలైంది.

మేస్త్రీ వచ్చి మొదట అడిగిన మాట: "ఇంతకీ మీకేం కావాలి సార్?" ఆ మాటకి ఆ ఇంట్లో నాలుగు జవాబులున్నాయి. పిన్నికి శ్రావణమాసానికల్లా గృహప్రవేశం కావాలి. నాయనమ్మకి వాస్తు కావాలి, మెట్లు ఏ మూలకి వస్తాయన్నదే ఆవిడ బాధ. డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్లు రాకూడదు. "మొత్తం ఒకడికి గుత్తకిచ్చెయ్యి నాన్నా, చివర్లో తాళంచెవులు తీసుకుందాం" అన్నాడు. డబ్బు పంపేది వాడు కాబట్టి ఆ మాటకు కొంత బరువుంది. బాబాయి మాత్రం నాణ్యత కావాలన్నాడు, పొదుపు కావాలన్నాడు, పని వేగంగా కావాలన్నాడు. నేను ఆయన్ని చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. ఆయనకి కావలసింది ఒకటే: తననెవడూ మోసం చెయ్యకూడదు.

ఇల్లు కట్టించే పద్ధతులు మా వైపు మూడు. రోజుకూలికి పెట్టుకోవచ్చు. లేబర్ కాంట్రాక్టు ఇవ్వొచ్చు, అంటే సరుకు మనది, పని వాళ్లది, చదరపడుగుకి ఇంతని. లేదా సరుకుతో సహా గుత్తకివ్వొచ్చు. గుత్తకిస్తే సిమెంటులో మిగులుస్తారు. లేబర్ కాంట్రాక్టయితే సిమెంటు మనదే కనక వాళ్లకి దాని మీద జాలి ఉండదు, పని తొందరగా తెమిలితే చాలు. రోజుకూలికి పెడితే సిమెంటూ మిగలదు, పనీ తెమలదు, టీలు మాత్రం వేళకు అవుతాయి. పద్ధతి ఎంచుకోవడమంటే మనం దేన్ని పోగొట్టుకోవడానికి సిద్ధమో ముందే ఒప్పేసుకోవడం. బాబాయి దేన్నీ పోగొట్టుకోవడానికి సిద్ధంగా లేడు. అందుకని పునాది లేబర్ కాంట్రాక్టుకిచ్చాడు, గోడలు రోజుకూలికి పెట్టాడు, స్లాబు గుత్తకిచ్చాడు. మూడు రకాల మోసాలనూ మూడు అంతస్తుల్లో రుచి చూశాడు. అంతస్తు కట్టింది ఒకటే అనుకోండి.

స్టీలు దగ్గర ఆయన విశ్వరూపం చూడాలి. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం రాడ్డు మీటరుకి 890 గ్రాములకు కాస్త అటూఇటూ. ఈ సూత్రాన్ని కొట్టువాడికి చెప్పాడు, లారీ డ్రైవరుకి చెప్పాడు, శంకుస్థాపనకొచ్చిన పంతులుగారికీ చెప్పాడు. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి విన్నారు. లారీని కాటా మీదికి ఎక్కించి తూయించాక కూడా రాడ్లు లెక్కపెట్టాడు. అదంతా బాగానే ఉంది. కాని మా చుట్టుపక్కల స్టీలు కొట్లు రెండే. మూడో కొటేషన్ కోసం ఖమ్మం పోవాలి. పోయింది ఎవరనుకున్నారు? ఎండాకాలంలో, మోటారు సైకిలు మీద, ఒక్క కాగితం కోసం. నేను ఆ కాగితంతో తిరిగొచ్చేసరికి మొదటి రెండు కొట్లలోనూ ధర పెరిగింది. ఇప్పుడు ఆ రెండూ పాత కొటేషన్లయిపోయాయి కాబట్టి మళ్లీ మూడు తేవాలన్నాడు. ఈ వ్యాసం రాయడానికి నాకున్న హక్కు అదీ.

ఈలోపు సెంట్రింగు వాళ్లు చెక్కలు దింపుకుని, స్టీలు రాక, చెట్టు కింద పేకాడుకున్నారు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పిన్నికీ అలాంటి కొలబద్దే ఉంది. స్టీలు నాటికి మొదటి హెచ్చరిక ఇచ్చింది, తలుపుల నాటికి మూడోది. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటిపోయింది కదా, టైల్స్ నమూనాలు నట్టింట్లో పరిచిన రోజు పిన్ని కూడా ఆ గీత దాటింది. శ్రావణం ఆ సరికి వెళ్లిపోయింది.

ఇటుకల విషయంలో బాబాయికి మొదట మహా పట్టుదల. పాల్వంచలో కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద గుట్టలుగా ఉంటుంది, దాంతో చేసే ఇటుకలు మా వైపు అందరూ వాడతారు. "బూడిదతో ఇల్లేందిరా!" అన్నాడు. ధరల పట్టికలో బూడిద ఇటుక ఎల్-1గా తేలగానే, "విభూతి మాత్రం ఏంది, బూడిద కాదా?" అన్నాడు. ఆ గోడలు బ్రహ్మాండంగా ఉన్నాయి, అది వేరే సంగతి.

కలప కథ చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. అడవి పక్కనే ఉంటాం, పర్మిట్ లేని టేకు చెక్క ఇంట్లో దొరికితే కేసే. ఒక రాత్రి పొద్దుపోయాక ఒకతను మెల్లగా వచ్చి, దుంగలున్నాయి, బయటి ధరలో సగానికే ఇస్తానన్నాడు. వేరే ఎవరైనా అయితే అవుననో కాదనో అనేవారు. బాబాయి లైటు వేసి, కళ్లజోడు పెట్టుకుని, "కొటేషన్ రాసిస్తవా? బిల్లు మీద జీఎస్టీ నంబరుంటదా?" అన్నాడు. ఆ మనిషి మళ్లీ మా ఊళ్లో కనిపించలేదు. చివరికి బిల్లూ పర్మిటూ ఉన్న టేకు ఎక్కువ ధర పెట్టి కొని, ఆ బిల్లుని లామినేషన్ చేయించి బీరువాలో పెట్టాడు. పేచీకోరే గాని, దొంగసొమ్ము ముట్టడు.

ఒకరోజు ఉండబట్టలేక, "బాబాయ్, మరీ ఇంత అనుమానమైతే ఎట్లా? భద్రాచలంలో రామదాసు గుడి కట్టినప్పుడు కొటేషన్లు తీసుకున్నాడా?" అన్నాను. "తీసుకోలేదు, అందుకే జైలుకి పోయిండు" అన్నాడు తడుముకోకుండా. ఆలోచిస్తే అందులో కొంత ఉంది. రామదాసుకి, అంటే పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్నకి, ఖర్చు ముఖ్యం కాదు, గడువూ ముఖ్యం కాదు, రాముడు ముఖ్యం. సొమ్మేమో గోల్కొండ ఖజానాది. అక్కడి సుల్తాను తానీషాకి ముఖ్యం శిస్తు. డబ్బు ఒకరిది, మనసు ఇంకొకరిది అయినప్పుడు పని గొప్పగానే లేస్తుంది, లెక్క దగ్గరే గొడవ. పన్నెండేళ్లు చెరసాలలో ఉన్నాడని కథ. అక్కడ కూర్చుని, ఏ నగకి ఎన్ని వరహాలు పట్టాయో సీతారాములకి కీర్తనలో పద్దు చదివాడు. చివరికి బిల్లు ఆ రాముడే స్వయంగా వచ్చి కట్టాడంటారు. అలాంటి ఆసామి మేస్త్రీలందరికీ దొరకడు.

సర్కారుకి మాత్రం మనసు ఒకటేనా? రోడ్ల టెండర్లలో లెస్సుకి వేసినవాడికే పని. మణుగూరు దగ్గర భద్రాద్రి విద్యుత్ కేంద్రానికొచ్చేసరికి కరెంటు తొందరగా కావాలన్నది ముందుకొచ్చింది. టెండరు పిలవకుండా నామినేషన్ మీద బీహెచ్ఈఎల్‌కి ఇచ్చారు, రెండేళ్లలో పూర్తన్నారు. 1080 మెగావాట్లలో ఆఖరి యూనిట్ 2022 జనవరికి అందింది. తర్వాత ఆ నిర్ణయం మీద విచారణ కమిషనూ కూర్చుంది. ఇటు ఢిల్లీలో ఆర్థికశాఖ 2021 అక్టోబరులో, కొన్ని పనులకి ధర ఒక్కటే చూడక్కర్లేదు, నాణ్యతకీ మార్కులెయ్యొచ్చు, అయితే 30 శాతం మించకూడదు అంది. ఇది పేపర్లో చదివి వినిపిస్తే బాబాయి మురిసిపోయాడు. మర్నాడు మేస్త్రీలకి మార్కుల పట్టిక గీశాడు: పనితనానికి ఇరవై, నడవడికకి పది. మా మేస్త్రీకి నడవడికలో నాలుగొచ్చాయి, బీడీ వల్ల. ఆ మేస్త్రీ ఆ కాగితం అడిగి తీసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. పెళ్లాం చేత చదివించాడట.

ఇల్లయింది. శ్రావణం కాదు, మాఘంలో పాలు పొంగాయి. ఖర్చు, గుత్తకిస్తే అయ్యేదానికన్నా బాగా ఎక్కువే, తమ్ముడు ఆ లెక్క డాలస్‌లో చేసుకుని ఊరుకున్నాడు. ఇంట్లో ఒక్క గోడ బీటలివ్వలేదు. ఒక్క చుక్క కారలేదు. మోసపోలేదని బాబాయికి గట్టి నమ్మకం. ఆయనకి కావలసింది అదే కనక, ఆయన లెక్కలో ఆ ఇల్లు చవకే.

ఇప్పుడు ఊళ్లోవాళ్లు రామాలయానికి కల్యాణమండపం కట్టాలనుకుని, ఇంత జాగ్రత్తపరుడు ఇంకెక్కడ దొరుకుతాడని బాబాయిని కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. వాళ్లని నేను హెచ్చరించలేదు, వాళ్లు నన్ను అడగలేదు. రేకులకి రెండు కొటేషన్లు వచ్చి ఉన్నాయి. మీకెవరికైనా తెలిసిన కొట్టుంటే దయచేసి ఒక కాగితం మీద ధర రాసి, కవరు అంటించి పంపండి. మళ్లీ ఖమ్మం పోవడం నా వల్ల కాదు.