ఓ కాపీ ఇటు పడెయ్యండి!

అచ్చాఫీసు నుంచి కట్టలు దిగాయని తెలిసిన మరుక్షణం ఊరు ఊరంతా ప్రచురణకర్తకు ఆప్తులైపోతారు. "మన ఊరి చరిత్ర వేశారటగా! మాటలా అండీ, ఎవరూ చేయని పని. ఓ కాపీ ఇటు పడెయ్యండి." మెచ్చుకోలుకీ అడుక్కోవడానికీ మధ్య ఊపిరి పీల్చుకునే ఎడం కూడా ఉండదు. అడిగేవాడు పేదవాడా అంటే కాదు. పేదవాడు అట్ట తిప్పి వెల చూసి, జేబు తడుముకొని, మళ్ళీ వస్తానని వెళ్ళిపోతాడు. అడిగేది మేడ మీద మేడ వేసుకున్న పెద్దమనిషి.

సరే, 500 కాపీలు వేశారనుకుందాం. ఊరి చరిత్రలూ, పిల్లల కథలూ, నలుగురికీ పనికొచ్చే చిన్న చిన్న గైడ్లూ వేసుకునేవాడు అంతకు మించి వేయడు. వేస్తే ఇంట్లో మనుషులు పడుకోవడానికి చోటుండదు. ఆ 500 ఎటెటు పోతాయో చూద్దాం.

మొట్టమొదట చెయ్యి చాచేది సాక్షాత్తూ సర్కారు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా, సొంత ఖర్చుతో, కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, చెన్నై కన్నెమరాకి ఒకటి, ముంబైకి ఒకటి, ఢిల్లీకి ఒకటి పంపాలి. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, పైన పుస్తకం వెల. తెనాలి పక్క పల్లెలో చెరువు ఎవరు తవ్వించారో ముంబైలో భద్రంగా ఉంటుంది. హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ ఉండి తీరాలని మాత్రం ఆ చట్టం అనదు. అయినా ఈ నాలుగు కాపీల మీద నాకు కోపం లేదు. ఉచితంగా పుచ్చుకునేవాళ్ళందరిలో దాచిపెడతామని చెప్పి మరీ పుచ్చుకునేది వీళ్ళొక్కరే.

పంపడానికి తపాలా ఉందిగా అంటారా? ఉంది. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టును చడీచప్పుడూ లేకుండా ఎత్తేశారు. జనం గోల పెట్టగా 2025 మేలో 'జ్ఞాన్ పోస్ట్' అనే పేరుతో ఒకటి తెచ్చారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100. బాగానే ఉంది. కాకపోతే పుస్తకంలో వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. అచ్చు ఖర్చులో కొంతైనా రాబడదామని వెనకట్ట మీద ఊళ్ళో ఎరువుల కొట్టు ప్రకటన వేసుకున్నాడా, లోపలున్న 200 పేజీల శాసనాలూ ఆ యూరియా బస్తా దెబ్బకి జ్ఞానం కాకుండా పోతాయి.

పన్నుల దయ కూడా ఇలాంటిదే. పుస్తకం మీద జీఎస్టీ సున్నా అని చంకలు గుద్దుకున్నాం. కాగితం మీద మాత్రం 2025 సెప్టెంబరు దాకా 12 శాతం, అప్పట్నుంచి 18. అమ్మేదాని మీద పన్ను లేదు గనుక కొన్నదాని మీద కట్టిన పన్ను తిరిగి రాదు. అంటే పాఠకుడికి మినహాయింపు ఇచ్చిన ఘనత ప్రభుత్వానిది, ఆ మినహాయింపు భరించే భాగ్యం ప్రచురణకర్తది.

తరవాత పత్రికలవాళ్ళు. సమీక్షకు రెండు కాపీలు పంపాలి, ఒకటి పంపితే పరిశీలించరు. రెండూ పంపితే ఆరు నెలలకు 'అందిన పుస్తకాలు' శీర్షిక కింద పేరూ, పేజీలూ, వెలా అచ్చవుతాయి. అందిందన్న కబురు అందినందుకు ప్రచురణకర్త ఆ ముక్క కత్తిరించి దాచుకుంటాడు.

ఇక ఆవిష్కరణ సభ. హాలుకి అద్దె, మైకుకి అద్దె, ఫ్లెక్సీకి అడుగుకింత. శాలువలు డజను లెక్కన, జ్ఞాపికలు కుర్చీల లెక్కన. టిఫిన్లవాడు అడ్వాన్సు పుచ్చుకోనిదే ఇడ్లీ పాత్ర దించడు. ఆ సభలో ఎవరూ డబ్బు పెట్టి కొననిది పుస్తకం ఒక్కటే. దాన్ని బంగారు రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, వేదిక మీదున్న పద్నాలుగు మందికీ తలా ఒకటి ఇస్తారు. ముఖ్య అతిథి రిబ్బను విప్పి, అట్ట ఫొటోలకు చూపించి, "ఈ పుస్తకం ప్రతి ఇంటా ఉండాలి" అని ఆజ్ఞాపించి, తన కాపీ కుర్చీలో వదిలేసి కారెక్కుతాడు. శాలువ మాత్రం మర్చిపోడు.

కిందటి కాలంలో ఇలా ఉండేది కాదని చెబితే ముసలి నస అంటారు గానీ, కాగితాలు ఉన్నాయి. కల్నల్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులను పెట్టుకొని దక్షిణాది పల్లెల చరిత్రలు రాయించి పోగు చేశాడు. మనం ఇప్పుడు కైఫీయతులు అని కళ్ళకద్దుకునేవి అవే. గుమాస్తాలకు జీతాలు చాలావరకు తన జేబులోంచే ఇచ్చుకున్నాడు. 1821లో ఆయన పోతే, ఆ కాగితాల రాశిని ఈస్టిండియా కంపెనీ ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. మన్నించండి, ఈ వాక్యం రెండోసారి చదవాలి. కొన్నది! దేశం దేశాన్నే ఊడ్చుకుపోవడానికి ఓడలెక్కి వచ్చిన కంపెనీ, మన కరణాలు చెప్పిన మన ఊళ్ళ కథలకు వెల కట్టి రొక్కం చెల్లించింది. "ఓ కాంప్లిమెంటరీ ఉంటే చూడమ్మా" అని ఆ విధవరాలిని అడగడానికి దొరలకు కూడా నోరు రాలేదు. మన పంచాయతీ ఆఫీసుకి వచ్చింది.

నిజాం ఏలుబడిలో తెలుగు బడి దొరకడమే గగనమైన రోజుల్లో, 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగాడు. పంచడానికి కాదు, అమ్మడానికి. కొన్నవాళ్ళున్నారు గనుకే గ్రంథమాల నడిచింది.

ఉచితంగా పుచ్చుకున్నవాళ్ళు చదువుతారా అనే అనుమానం మీకు వద్దు. చదువుతారు. ఊరి చరిత్రలో తమ ఇంటిపేరున్న పేజీ చదువుతారు. లేకపోతే లేదని తెలిసేదాకా చదువుతారు. "మా తాత పేరేదీ? రాములవారి గుడి మా వాళ్ళు కట్టించింది కాదూ?" శాసనంలో కట్టించింది ఫలానా వాళ్ళని ఉందంటే, శాసనం ఎక్కడుందో చూపించమంటారు. చూపించలేం. జీర్ణోద్ధరణ పేరుతో దాని మీద గ్రానైట్ పలకలు అతికించిన దాత పేరు ఆ గ్రానైట్ మీదే బంగారు అక్షరాలతో ఉంది. మరి మలి ముద్రణ ఖర్చు మీరు పెట్టుకుంటారా, మీ తాతగారిని చేరుద్దాం అని చూడండి. తాత మీద భక్తి అక్కడికక్కడే చల్లబడుతుంది.

పిల్లల కథలు వేసేవాడి పాట్లు చూడాలంటే పుస్తక ప్రదర్శనలో ఒక సాయంత్రం అతని స్టాలు పక్కన నిలబడితే చాలు. నాన్నగారు పుస్తకం తిరగేస్తారు. "ఇది ఏ క్లాసు వాళ్ళకండీ? నీతి ఏది? ఇంగ్లీషులో లేదా?" ఈలోగా పిల్ల ఏనుగు బొమ్మ దగ్గర చతికిలబడి చదవడం మొదలెడుతుంది. "కొందాం నాన్నా" అంటే, ఆయన ముఖం వెలిగిపోతుంది. "ఎందుకమ్మా, పదహారు పేజీలేగా, ఇక్కడే చదివేసెయ్." చదివించి, పుస్తకం యథాస్థానంలో పెట్టించి, బయటికి వెళ్ళాక మిరపకాయ బజ్జీ దగ్గర మాత్రం సగం తిని తిరిగి ఇవ్వరు.

గైడ్లవాడి గతి ఇంకా సొగసు. హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసిన 'వైద్యుడు లేని చోట' లాంటి పుస్తకం చూసి ఉత్సాహపడి, పట్టాదారు పాసుపుస్తకంలో తప్పు పడితే ఏం చేయాలో చెప్పే గైడు వేస్తాడు. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి పోర్టల్ మీద వేసినవి అమ్ముడు కాకముందే 2025లో భూభారతి వస్తుంది. పాతవి తూకానికి పోతాయి. కొత్తది వేస్తే, కొనడానికి వచ్చినవాడు విషయసూచిక చూసి, తనకు కావలసిన పేజీ తీసి, "ఇదొక్కటే అండీ" అని ఫోన్‌తో ఫొటో తీసుకుంటాడు. అప్పుడే వెలుతురు చాల్లేదంటే ప్రచురణకర్తే పేజీ వంచి పట్టుకోవాలి. ఇదే మనిషి బల్లిపాటు ఫలితాలూ, ముహూర్తాలూ ఉన్న పుస్తకం పేజీ ఫొటో తీసుకోడు. ఎందుకో! కొనకపోతే దోషమేమో.

లైబ్రరీలు లేవా అని అడగబోతున్నారు. 1960 చట్టం ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మీరూ నేనూ ప్రచురణకర్తా కడుతూనే ఉన్నాం. వసూలు చేసిన మున్సిపాలిటీలు దాన్ని గ్రంథాలయ సంస్థకు జమ చేయడం లేదన్న మొర కూడా ఏటేటా వింటూనే ఉన్నాం. కొనడానికి నిధుల్లేవు గనుక లైబ్రేరియన్ మర్యాదగా అంటాడు: "మన లైబ్రరీకి ఓ రెండు కాపీలు వితరణగా ఇప్పించండి, మీ పేరు బోర్డు మీద రాయిస్తాం." సెస్సు కట్టినవాడే పుస్తకమూ ఇచ్చుకోవాలి. షాపువాడు మాత్రం ఉచితం అడగడు, పాపం. 40 శాతం కమిషన్ పట్టుకొని, అమ్మాక డబ్బిస్తానంటాడు. ఎప్పుడమ్మాడో అతనికీ గుర్తుండదు.

ఇంతా చేసి మిగిలినవాటికి మొన్న డాలస్ నుంచి ఒక గిరాకీ వచ్చిందని విన్నాను. ఊరంటే ప్రాణం పెట్టే పెద్దమనిషి. ప్రచురణకర్తకి వాట్సాప్‌లో రెండు చేతుల దండాలు ఆరు పెట్టి, "గ్రేట్ వర్క్ అండీ. షిప్పింగ్ ఖర్చు దండగ, పీడీఎఫ్ ఉంటే పంపండి, మన ఊరి గ్రూపులో 800 మందిమి ఉన్నాం, అందరికీ చేరుతుంది" అన్నాడట. పంపలేదు. వారం తిరక్కుండా మళ్ళీ ఫోను. ఊరి మొదట్లో వాళ్ళ నాన్నగారి పేరున పాలరాతి ముఖద్వారం కట్టిస్తున్నాడు, లక్షల్లో పని. దాని మీద ఊరికి ఆ పేరెలా వచ్చిందో నాలుగు లైన్లు చెక్కించాలి. "మీ పుస్తకంలో ఉందటగా, అంతవరకు కొట్టి పంపించండి. మీ పేరు వేయాలంటే అక్షరానికింత అంటున్నాడు శిల్పి. మీరేమీ అనుకోరుగా?"