రైతుకో ఎంబీఏ, పందికో సెగ్మెంటు

రైతు ఎందుకు నష్టపోతున్నాడో ఎట్టకేలకు తేలిపోయింది. వానలు కారణం కాదట, ధర కాదట, దళారీ కాదట, అప్పు అసలే కాదట. ఆయనకు మేనేజ్‌మెంటు రాదట. ఈ సంగతి కనిపెట్టినవారు ఏసీ గదుల్లో కూర్చుని కనిపెట్టారు కనుక పెద్దగా చెమట పట్టలేదు. జబ్బు తెలిశాక మందెంతసేపు? శిక్షణ! మామూలుగా రెండు రోజులు. మార్చి 31 లోపు నిధులు ఖర్చు కావలసి ఉంటే అయిదు రోజులు.

మందు అన్ని ఊళ్లకూ వచ్చినట్టే రాజపాళయానికీ వచ్చింది. ఆంధ్రలో ఉన్న పాఠకులకు ఊరి పరిచయం కొంచెం అవసరం. తమిళనాడులో, విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉంది. విజయనగరం నాటి వలసల్లో దక్షిణానికి దిగిన తెలుగు రాజులు స్థిరపడ్డ ఊరు. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. 1949లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఇక్కడి తెల్ల వేటకుక్క దేశమంతటికీ తెలుసు. సప్పట్టై, పంచవర్ణం మామిడికాయలు తిన్నవాళ్లకు తెలుసు.

మేనేజ్‌మెంటు గురించి ఈ ఊరికి చెప్పడానికి రావడం నిజానికి పెద్ద సాహసమే. పి.ఎ.సి. రామసామి రాజా ఇక్కడ 1936లో రాజపాళయం మిల్స్ పెట్టారు. మన దేశంలో మొదటి ఐఐఎం కలకత్తాలో తలుపులు తెరిచింది 1961లో. పాతికేళ్ల ముందే, పవర్ పాయింటు లేకుండా, గ్రూప్ డిస్కషన్ లేకుండా, నూలుమిల్లు నడిచిపోయింది. తరవాత సిమెంటు కూడా వచ్చింది. ఆ పక్కనే ఛత్రపట్టి, అక్కడి మగ్గాల మీద ఆసుపత్రులకు బ్యాండేజీ గుడ్డ నేస్తారు. ఈ ప్రాంతపు వ్యాపార పాఠం మొత్తం ఇందులోనే ఉంది. పత్తి పండించినవాడు పండించిన చోటే ఉన్నాడు, వడికినవాడు మిల్లు కట్టాడు, నేసినవాడు పండించినవాడి దెబ్బకు కట్టు కట్టడానికి గుడ్డ తయారుగా ఉంచాడు. పండించడం మానెయ్యి, పండించినదాన్ని కొను అన్న ఈ పాఠాన్ని ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పరు. చెబితే మర్నాడు విద్యార్థులు ఉండరు కదా.

తరగతి ఎలా జరుగుతుందో చూడండి. కల్యాణ మండపం అద్దెకు తీసుకుంటారు. గుమ్మంలో ఒక సంతకం, చేతికో ఫైలు, ఫైల్లో నాలుగు తెల్లకాగితాలు, రాయని పెన్ను. వెనక ఇంటిగోడంత ఫ్లెక్సీ. గ్రూప్ ఫోటో భోజనానికి ముందే తీసేస్తారు, భోజనం అయ్యాక జనం మిగలరని నిర్వాహకులకు అనుభవం. రోజు మొత్తంలో అసలు సిసలు మేనేజ్‌మెంటు నాకు కనిపించింది ఆ ఒక్కచోటే.

పాఠం చెప్పే కుర్రాడు మంచివాడే. బోర్డు మీద నాలుగు గళ్లు గీశాడు. బలం, బలహీనత, అవకాశం, ముప్పు. ముప్పు గడిలో మీ పోటీదారు ఎవరో రాయండి అన్నాడు. నా పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు, అడవి అంచున కొబ్బరీ మామిడీ ఉన్నాయి ఆయనకు. పెన్ను రెండుసార్లు విదిలించి, పళ్లబిగువున ‘పంది’ అని రాశాడు. దాని కింద ‘ఏనుగు’ అని రాశాడు.

“ఇవి కాదయ్యా, మార్కెట్లో మీతో పోటీపడేది ఎవరు అని?”

“మార్కెట్టు దాకా ఇవి పోనిస్తే కదప్పా, అక్కడ ఎవరున్నారో చూసేది!”

కుర్రాడు నవ్వి పక్క బల్లకు వెళ్లాడు గాని, పెద్దాయన రాసింది అక్షరాలా సరైన జవాబు. ఊరికి పడమర శ్రీవిల్లిపుత్తూరు – మేఘమలై పులుల అభయారణ్యం, 2021లో ప్రకటించినది. ఏనుగు దిగితే మొవ్వు కోసం కొబ్బరిచెట్టునే పడదోస్తుంది. పందికి అంత బలం లేదు కాబట్టి మొక్కల్ని వేళ్లతో సహా కుళ్లగించి పోతుంది. పందుల సంగతికి తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ఒక పద్ధతి పెట్టింది. అభయారణ్యం కాకపోయినా రిజర్వు అడవి హద్దు నుంచి కిలోమీటరు లోపు పంది కనిపిస్తే కాల్చకూడదు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య అయితే పట్టి అడవిలో వదలాలి. మూడు దాటితే అటవీశాఖవారే వచ్చి కాలుస్తారు. మార్కెట్ సెగ్మెంటేషన్ అని పొద్దున్నుంచి ఆ కుర్రాడు గొంతు చించుకున్నది దీని గురించే అని మా బల్లకు అప్పుడు అర్థమైంది. రైతు చేయవలసిందల్లా అర్ధరాత్రి టార్చిలైటుతో పందిని ఆపి, తల్లీ నువ్వు ఏ సెగ్మెంటు అని అడగడమే.

మధ్యాహ్నం బేరమాడే కళ మీద పాఠం. గట్టిగా మాట్లాడాలట, ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడాలట. కొబ్బరికాయ దింపిన రోజు ఎవరైనా తోటలోకి వచ్చి చూస్తే, ఎవరి కళ్లలోకి చూడాలో తెలుస్తుంది. లెక్కపెట్టేది కొనేవాడి మనిషి. చేతికి రెండేసి కాయలు పట్టి విసురుతూ, రాగం తీస్తూ అంకెలు చెబుతూ పోతాడు. నూరు కాగానే గుర్తుగా ఒక కాయ పక్కన పెడతాడు. మీరు ఆ గుర్తుకాయల్ని చూసుకుంటూ మనసులో రూపాయలు కట్టుకుంటూ ఉంటారు. కుప్ప అయ్యాక అసలు లెక్క మొదలవుతుంది. నూటికి ఇన్నని లాబక్కాయలు, అంటే డబ్బు లేని కాయలు, తీసి అవతల పెట్టు. లాభం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. తరవాత చిన్నకాయలు ఏరి, రెంటిని ఒకటిగా కట్టు. చిత్తూరు వైపు మామిడి మండీల్లో ఈ దానధర్మానికి సూట్ అని పేరు, తక్కిన ఆంధ్రలో తరుగు. పేర్లు మూడు, జేబు ఒకటే. గట్టిగా మాట్లాడడానికి మా పెద్దాయనకు అభ్యంతరమేమీ లేదు. కోసిన మామిడికాయను, బేరం కుదరకపోతే, మళ్లీ కొమ్మకు తగిలించే ఉపాయం కూడా అదే క్లాసులో చెప్పమన్నాడు. అది సిలబస్‌లో లేదు.

చిత్తూరు మాట వచ్చింది కాబట్టి 2025 తోతాపురి మామిడి సంగతీ చెప్పుకోవాలి. కాయ విరగకాసింది. గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. చివరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, మేము 4 కలుపుతాము, మొత్తం 12 అంది. పన్నెండు రూపాయలకు రోడ్డు మీద ఒక టీ వస్తుంది, కొన్నిచోట్ల అదీ రాదు. ఆ రైతులు మేనేజ్‌మెంటు చదివి ఉంటే ఏం చేసేవారు? క్యూ మేనేజ్‌మెంటు. అంతకు మించి ఆ గేటు ముందు చేయదగ్గది నాకు కనిపించడం లేదు.

రెండో రోజు బిజినెస్ ప్లాన్. వచ్చే ఏడాది ధర అంచనా వేసి, దాన్నిబట్టి పంట నిర్ణయించుకోవాలి. చాలా బాగుంది. తెలంగాణ పత్తి రైతు 2025 జూన్‌లో విత్తనం వేసేనాటికి విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఉంది. చేను పూతకు వచ్చే వేళకు, ఆగస్టు 19 నుంచి, సుంకం లేదు. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, తరవాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. అంటే సరిగ్గా ఈయన పత్తి తీసి అమ్మే నెలలన్నీ. ఇక మద్దతు ధరకు భారత పత్తి సంస్థ సీసీఐ దగ్గరికి పోదామంటే తేమ 12 శాతం దాటకూడదు, పైగా యాప్‌లో పేరు నమోదై ఉండాలి. ఆకాశంలో మబ్బుకు ఈ యాప్ సంగతి తెలియదు.

ఇందులో మిల్లులవారిని తప్పుపట్టడానికి లేదు. అమెరికా 50 శాతం సుంకం వేసి బట్టల ఎగుమతుల నడుం విరగ్గొట్టింది, నూలు చవగ్గా పడాలి, పత్తి మీద సుంకం తీసెయ్యమని వారి సంఘాలు ఢిల్లీని అడిగాయి. ఢిల్లీ తీసేసింది. ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి, ఎంత అడగాలి అన్నది వారికి తెలుసు. రైతుకు నేర్పదగ్గ మేనేజ్‌మెంటు ఏదైనా ఉంటే అదే. రెండు రోజుల క్లాసులో ఆ ఊసే లేదు.

ఒంటరిగా ఉంటే బలం లేదు, కంపెనీ పెట్టుకోండి అన్నది తరవాతి సలహా. ఇది మాత్రం కొట్టిపారేసేది కాదు. ఉత్పత్తిదారుల కంపెనీలకు 2002లోనే చట్టంలో చోటిచ్చారు. 2020లో కేంద్రం పదివేల రైతు సంఘాల పథకం పెట్టింది, 2025 ఫిబ్రవరిలో పదివేలూ అయిపోయాయని ప్రకటించింది కూడా. నలుగురూ కలిసి ఎరువు టోకున కొంటే బస్తా మీద మిగులుతుంది, కలిసి లారీ కట్టుకుంటే బాడుగ తగ్గుతుంది. ఇంతవరకు నేనూ చేయెత్తుతాను. కాని కంపెనీ అన్నాక రైతు డైరెక్టరు అవుతాడు. డైరెక్టరుకు నంబరు, డిజిటల్ సంతకం, ఆడిటరు, వార్షిక పత్రాలు. పత్రం ఆలస్యమైతే రోజుకు నూరు రూపాయలు, ఒక్కో పత్రానికి. వరి గింజకు రాని ధర ఫారం కాగితానికి వస్తుందన్నమాట.

కంపెనీకి సీఈఓ కూడా కావాలి. పథకంలో ఆయన జీతానికి నెలకు 25,000 రూపాయల దాకా మూడేళ్లపాటు ఇస్తారు. ఇప్పుడు యజమానుల సంగతి. 2019లో జాతీయ నమూనా సర్వేవారు లెక్కతీస్తే వ్యవసాయ కుటుంబం సగటు ఆదాయం నెలకు 10,218 రూపాయలు. అందులో పంట మీద మిగిలింది 3,798, కూలికీ జీతానికీ పోయి తెచ్చుకున్నది 4,063. సొంత చేలో కంటే పరాయి పనిలో ఎక్కువ సంపాదించుకునే యజమానికి, తన ఇంటి ఆదాయానికి రెట్టింపుకు పైగా జీతం తీసుకునే ఉద్యోగి వచ్చి, ఖర్చులు తగ్గించుకోవడం ఎలాగో వివరిస్తాడు. ఆ ఉద్యోగిని అనడం లేదు. నెలకు పాతికవేలకు ఎంబీఏ చదివినవాడు పల్లెలో నిలవడు, మూడో నెల ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. చూసుకోవాలి కూడా, అతనికీ మేనేజ్‌మెంటు వచ్చు కదా.

వ్యవసాయంలో మేనేజ్‌మెంటు చదివి బాగుపడ్డవారే లేరనుకోకండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1987 నుంచి ‘మేనేజ్’ అనే జాతీయ సంస్థ ఉంది. 1996 నుంచి అగ్రి బిజినెస్‌లో పీజీ డిప్లొమా ఇస్తోంది. అక్కడ చదివిన పిల్లలు విత్తనాల కంపెనీల్లో, బ్యాంకుల్లో చక్కగా ఉన్నారు. 2003 నుంచి ఎరువుల దుకాణదారులకు కూడా ఒక డిప్లొమా పెట్టారు. అంటే రైతుకు అమ్మేవాడికి చదువైంది, అప్పిచ్చేవాడికి చదువైంది. వీళ్ల చేతుల్లో పడేవాడికి రెండు రోజుల క్లాసు, సాంబారన్నం.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. రెండో రోజు సాయంత్రం, సగం కుర్చీలు ఖాళీ అయ్యాక, ఖాతా రాయడం నేర్పించారు. దానికోసం మొత్తం క్లాసును క్షమించవచ్చు. మనవాళ్లు పంట ఖర్చు చెప్పమంటే ఎరువు, మందు, కూలి, ట్రాక్టరు చెప్పి ఆపేస్తారు. ఆ కుర్రాడు ఆపనివ్వలేదు. మీరు పొద్దున్నే నీళ్లు కట్టారే, దానికి కూలి వేయండి అన్నాడు. మీ ఇంటావిడ కలుపు తీసింది, వేయండి. భూమి మీదే, కాని వేరేవాడికి ఇస్తే కౌలు వచ్చేది, వేయండి. మోటారుకు పెట్టిన సొంత డబ్బు బ్యాంకులో ఉంటే వడ్డీ వచ్చేది, అదీ వేయండి. పెద్దాయన వేస్తూ పోయాడు. ఈసారి పెన్ను రాసింది. కింద కూడి, కాసేపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఎంత వచ్చిందయ్యా?” అని అడిగాడు కుర్రాడు.

“మీ చదువు ప్రకారం, నేను నిన్ననే తోట అమ్మేసి ఉండాల!”

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ కుర్రాడు నేర్పించిన లెక్కకు ఢిల్లీలో సీ2 అని పేరు. మద్దతు ధరలు నిర్ణయించేటప్పుడు కేంద్రం వాడే లెక్క వేరే ఉంది, ఏ2+ఎఫ్ఎల్. అందులో చేతి ఖర్చులు ఉంటాయి, ఇంటివాళ్ల కూలి ఉంటుంది. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ దగ్గరికి వచ్చేసరికి సిరా అయిపోతుంది. స్వామినాథన్ కమిషన్ 2006లో ఖర్చు మీద సగం కలిపి ధర ఇవ్వాలంది. ఏ ఖర్చు మీద అన్న పేచీ ఇరవై ఏళ్లుగా తెమలలేదు. ప్రభుత్వం డబ్బుతో మండపంలో రైతుకు సీ2 నేర్పిస్తారు, ప్రభుత్వం ధర మాత్రం ఏ2+ఎఫ్ఎల్ మీదే కడుతుంది. మేనేజ్‌మెంటు శిక్షణ ఎవరికి ముందు కావాలో మీరే చెప్పండి. మొదటి బ్యాచ్ ఢిల్లీలో పెట్టి, రెండో బ్యాచ్‌లో లాబక్కాయలు లెక్కపెట్టేవారిని కూర్చోబెట్టి, మూడో బ్యాచ్‌కు మమ్మల్ని పిలిస్తే బాగుంటుంది. సాంబారన్నం అందరికీ అదే పెట్టాలి.

రాజపాళయం రైతులకు, ఆ మాటకొస్తే మదనపల్లె, ఆదిలాబాదు రైతులకు కూడా, ఒక మనవి. క్లాసు పెడితే వెళ్లండి. కాయ దింపే రోజు మాత్రం కాదు సుమా! ఫోటో కాగానే వచ్చేయకుండా, లెక్కల గంట దాకా కూర్చోండి. ఇంటికొచ్చి ఒక్క ఎకరం లెక్క, కౌలూ వడ్డీతో సహా, రాయండి. మా విరుదునగర్ కలెక్టరేటులో నెలకోసారి రైతుల ఫిర్యాదులు వినే సమావేశం జరుగుతుంది. మీ జిల్లాలోనూ ఏదో ఒక సోమవారం ఇలాంటిది ఉండే ఉంటుంది. అందరూ అవే కాగితాలు పట్టుకుపోయి బల్ల మీద పెట్టండి. నకలు ఇంట్లో ఉంచుకోండి. రసీదు అడిగి తీసుకోండి.