పీట బిగిస్తే పాట మారుతుందట!

స్కాట్లాండు కంపెనీ లిన్ తన ఎల్‌పీ12 రికార్డ్ ప్లేయర్‌కు యాభై ఏళ్ళు నిండాయని 2023లో ఒక ప్రత్యేక మోడల్ తెచ్చింది. చేసినవి 250. ఒక్కోటి 50,000 పౌండ్లు. ఐఫోన్‌కు రూపం దిద్దిన జానీ ఐవ్ బృందమే దీనికీ మెరుగులు పెట్టింది. కానీ రసికులు మురిసిపోయింది ఆ మెరుగులకు కాదు, చుట్టూ ఉన్న చెక్కపెట్టెకు. బీచ్ కర్రను పల్చటి పొరలుగా కోసి, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి పేర్చి, వేడి చేసి నొక్కి, కదలని దిమ్మగా మార్చారు. పేరు బెడ్రాక్. మరుసటేడు ఆ పెట్టెను విడిగానూ అమ్మకానికి పెట్టారు. ఇంట్లో ఉన్న పాత పెట్టె ఊడదీసి ఇది తొడిగించుకుంటే చాలు, ఇన్నాళ్ళూ వినపడనిది వినపడుతుందట.

మంచిదే. మరి ఇన్నాళ్ళూ విన్నదేమిటి? ఆ పాత పెట్టెలో వింటూనే గదా, ఇంతకు మించిన ధ్వని భూమ్మీద లేదని ప్రమాణాలు చేశారు!

ఈ ప్లేయర్ చరిత్రంతా ఇలాంటి ప్రమాణాలే. 1982లో వల్హల్లా అనే కరెంటు బోర్డు వచ్చింది. దాంతో పాటకు అడ్డున్న తెర తొలగిందన్నారు. 1993లో సర్కస్ అనే బేరింగు వచ్చింది. మరో తెర తొలగింది. అల్యూమినియం దిమ్మను తొలిచి చేసిన కీల్ అనే చట్రానికి ఇంకొకటి, 2009లో రాడికల్ మోటారుకు ఒకటి, 2020లో కరౌసెల్ బేరింగుకు మళ్ళీ ఒకటి. ద్రౌపది చీరకైనా కృష్ణుడు ఒక్కసారే కలగజేసుకున్నాడు గానీ, ఈ తెరలు లాగేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ వెనకటి భాగాన్ని పొగిడిన నోరే దాన్ని ‘కొంచెం బురదగా ఉండేది’ అని తిడుతుంది. బురదని ముందే తెలిస్తే ఎందుకు అమ్మారని అడిగినవాడు మాత్రం కనపడడు. అడగాల్సినవాడు కొత్తదాని కోసం డబ్బు కూడబెట్టే పనిలో ఉంటాడు మరి.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. పెట్టెను ఇంత బిగించారు గదా, లోపల పళ్ళేన్నీ ముల్లు చేతినీ మోసే చట్రం దేని మీద ఉంది? మూడు స్ప్రింగుల మీద. ఊగుతూ ఉంటుంది! పక్కనే ఇంగ్లండులో, 1973లో పుట్టిన రేగా కంపెనీని అడగండి: స్ప్రింగులే తప్పు, బరువూ తప్పే, పెట్టె బరువెక్కితే కంపనాన్ని దాచుకుని తీరిగ్గా వదులుతుంది, కాబట్టి తేలికగా గట్టిగా ఉండాలి అంటుంది. అందుకే వాళ్ళ ప్లానార్ 8 లోపల నురుగు పలక పెట్టి మొత్తం బరువు ఐదు కిలోలు దాటనివ్వలేదు. జపాన్‌లో టెక్‌డాస్ వాళ్ళను అడిగితే బరువే మోక్షం అంటారు. వాళ్ళ ఎయిర్ ఫోర్స్ జీరో మూడు వందల కిలోల పైమాటే. కొనేముందు ఇంటి స్లాబు వేసిన మేస్త్రీని సంప్రదించడం మేలు. మూడు సిద్ధాంతాల్లో ఏ ఒక్కటి నిజమైనా మిగతా రెండూ మూలపడాలి. పడలేదు. సమీక్షల్లో మూడింటికీ అవే విశేషణాలు, అదే పారవశ్యం.

గట్టిదనంలో నిజం లేదని కాదు. రెండు గ్రాముల భారంతో గాడిలో నడిచే ముల్లు, మైక్రాన్లలో కదులుతూ పాటను చదువుతుంది. పళ్ళేనికీ ముల్లు చేతికీ మధ్య ఏది వదులైనా ఆ వణుకును పాటే అనుకుని చదివేస్తుంది. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి కోస్తారు, వినేటప్పుడు ఆంప్లిఫయర్ వాటిని మళ్ళీ పెంచుతుంది. వాటితోపాటు బేరింగు గురకా పెరుగుతుంది. కాబట్టి బేరింగు బాగుండాలి, చేయి ఊగకూడదు. ఇంతవరకూ ఇంజనీరింగు. ఆ పైన బేరం.

ఆ ఇంజనీరింగు ఎప్పుడు పూర్తయిందో తెలుసుకోవాలంటే టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 కాగితాలు చూడాలి. 1979 నాటి యంత్రం. డిస్కోల్లో, గుండెలదిరే స్పీకర్ల ఎదుట, డీజేలు చేత్తో వెనక్కీ ముందుకీ తిప్పుతుంటే తట్టుకుని నిలిచింది. వేగంలో తేడా 0.025 శాతం. శాస్త్రీయ సంగీత రసికులు దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. 2016లో అదే కంపెనీ దాన్ని పునరుద్ధరించి, పళ్ళేనికి ఇత్తడి పొర తొడిగి, 1,200 ప్రత్యేక ప్రతులు నాలుగేసి వేల డాలర్లకు పెట్టగానే వాకిట ముగ్గులు వేశారు. కొత్త కాగితం మీద వేగంలో తేడా ఎంత? 0.025 శాతం.

ఇక రికార్డు సంగతి. దాని మధ్య చిల్లు 0.2 మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. ఒక వైపు పాటలు సగానికొచ్చేసరికి ముల్లు కింద వేగం 0.2 శాతం అటూ ఇటూ ఊగుతుంది. పైన చెప్పిన యంత్ర దోషానికి అది ఎన్ని రెట్లో లెక్కేసుకోండి. ఈ జబ్బును నాకమిచి అనే జపాన్ కంపెనీ 1980లలోనే పట్టుకుంది. చిల్లు ఎంత తప్పిందో కొలిచి, పళ్ళేన్ని జరిపి సరిచేసే టీఎక్స్-1000 అనే యంత్రం తయారుచేసింది. అసలు రోగానికి మందు అది. మిగతా లోకం దాన్ని మ్యూజియం వస్తువును చేసి, మళ్ళీ పీటలు బిగించుకోవడంలో పడింది.

మన హైదరాబాదులోనూ ఈ భక్తులున్నారు. కింద కడప బండ, దాని మీద గ్రానైటు, దాని మీద ఇత్తడి మేకుల కాళ్ళు, ఆ పైన విదేశీ యంత్రం. దాని మీద పెట్టే ప్లేటు ఘంటసాలది. మదరాసు స్టూడియోలో గాయకుడూ వాద్యాలూ ఒక్కసారే పాడి వాయించగా మోనోలో పట్టిన పాట. కలకత్తా డమ్‌డమ్‌లో అచ్చయి, ఎవరింట్లోనో హెచ్ఎంవీ ఫియెస్టా మొద్దు ముల్లు కింద ఏళ్ళ తరబడి అరిగిన ప్లేటు. బండ వేశాక ఏం మారిందయ్యా అంటే, ఒక్కో గీతా ఇప్పుడు విడివిడిగా వినపడుతోంది.

చెవులను నేను శంకించడం లేదు. 2022లో చెవుల పరీక్ష ఒకటి తనంతట తానే జరిగిపోయింది. అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ సంస్థ మేలిరకం రికార్డుల్లో చాలావాటికి తయారీలో ఒక మెట్టు డిజిటల్ అని బయటపడింది. అప్పటికి చాలా ఏళ్ళుగా రసికులు వాటిని అచ్చమైన అనలాగ్ అని పూజిస్తున్నారు. డిజిటల్ వాసన గది అవతలి నుంచే పసిగడతామన్నవాళ్ళు, లక్షలు పోసి బిగించిన యంత్రాల మీద వాటిని తిప్పి, ఆ వెచ్చదనానికి కళ్ళు చెమర్చుకున్నారు. విషయం తెలిశాక కోర్టుకెక్కారు.

అందుకే నా మనవి చిన్నది. కొత్త పెట్టె కొనబోయే ముందు దుకాణంలో యంత్రాలకు అడ్డంగా ఒక దుప్పటి కట్టించండి. పాత పెట్టె ఏదో, కొత్త పెట్టె ఏదో చెవితోనే చెప్పి, ఆ తర్వాత డబ్బివ్వండి. ఇలా అంటే దుకాణదారు నొచ్చుకుంటాడు. దుప్పటి కడితే మనసు మీద ఒత్తిడి పడుతుందట, ఒత్తిడిలో సూక్ష్మ భేదాలు వినపడవట. చెక్కపెట్టెలోని కంపనాన్ని గోడ అవతలి నుంచి పట్టే చెవి, దుప్పటి కట్టగానే చెవుడెక్కుతుందట!